లోలకం మీద నాణెం

మా అక్క వస్తే ఇంట్లో మురికే కాదు, వస్తువులు కూడా భయపడతాయి. మసకబారినది ఏది కంటపడినా ఆమెకు తన పరువు పోయినట్టుంటుంది. గిన్నెల అడుగులు, తలుపు గొళ్ళేలు, కుళాయి మెడలు, ఆఖరికి నా బెల్టు బకిల్ కూడా తళతళలాడితే తప్ప ఊరుకోదు. మా అమ్మ నేర్పిన విద్య అది. "ఇత్తడిలో ముఖం కనపడలేదంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం" అనేది అమ్మ.

నా భార్య పోయాక అక్క వచ్చి నాతోనే ఉంటోంది. ఏడవటం ఆమెకు చేతకాదు. తోముతుంది.

ఆ ఆదివారం హాలు గోడ తుడుస్తానని, గడియారం దింపమంది. కొయ్యపెట్టెలో, అద్దం తలుపు వెనక, ఇత్తడి లోలకం ఊగే పాతకాలపు గోడగడియారం అది. వారానికోసారి కీ ఇవ్వాలి. ఈమధ్య నేనే ఇస్తున్నాను కానీ, అంతకు ముందు ఆ పని ఎప్పుడూ నా భార్యదే. నేను కుర్చీ ఎక్కబోతే ఆపేసేది. "మీరు బళ్ళో పిల్లల్ని దిద్దండి. దీన్ని నేను దిద్దుకుంటాను" అనేది.

కుర్చీ ఎక్కి, తలుపు తీసి, కొక్కెం నుంచి లోలకాన్ని విడదీశాను. దాని వెనక నుంచి ఏదో ఊడి, నేల మీద పడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. నేను గడియారాన్ని జాగ్రత్తగా దివాను మీద పడుకోబెట్టి వచ్చేసరికి బల్ల కింద ఏమీ లేదు. వంటింట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది.

"నాణెం రా! రాగిది. నల్లగా మాడిపోయి ఉంది పాపం" అంది అక్క. చేతిలో సగం నిమ్మకాయ, పక్కన ఉప్పు. నాణెం ఒక ముఖం అప్పటికే కొత్త చెంబులా మెరుస్తోంది.

"ఇటు పక్క చూడు, మైనం అంటుకుని చచ్చింది. కత్తి ఇలా ఇయ్యి, గీకేస్తాను."

"ఆగక్కా" అన్నాను. ఎందుకు ఆపానో ఆ క్షణంలో నాకూ తెలియదు. చెయ్యి చాపాను. అక్క నాణేన్ని నా అరచేతిలో పెట్టింది.

రెండో ముఖం ముదురు గోధుమ రంగులో ఉంది. దాని కింది భాగాన్ని, అంటే సంవత్సరం అంకెలు ఉండాల్సిన చోటుని, కొవ్వొత్తి మైనం కప్పేసింది. కరిగించి వేసి, వేలితో అదిమినట్టు ఉంది. వెలుతురుకి వంచి చూస్తే మైనంలో సన్నని గీతలు కనిపించాయి. ఆ గీతల మీదుగా అడ్డంగా ఇంకో గీత.

పెళ్ళైన కొత్తలో నా భార్య డబ్బా మూత తీస్తూ కుడి బొటనవేలు కోసుకుంది. ఆ మచ్చ చివరిదాకా పోలేదు.

అక్క నా భుజం మీదుగా తొంగిచూసింది. కుళాయి కట్టేసి, చేతిలోని నిమ్మచెక్కను చెత్తబుట్టలో వేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లేకపోతే ఒక పాత నాణెం చుట్టూ నేనెందుకు అంతలా తిరిగానో అర్థం కాదు.

నా భార్య స్టేషన్‌లో టికెట్ కౌంటర్ క్లర్కు. ఆఖరి ఉదయం గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "సాయంత్రం గుర్తు చెయ్యండి. మీకొకటి చెప్పాలి" అంది.

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"ఇప్పుడు మొదలుపెడితే మీకు బడి టైమైపోతుంది" అని గడియారం వైపు చూసి, నవ్వి, వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కౌంటర్ వెనక, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. డాక్టరు గుండె అన్నాడు.

గుర్తు చెయ్యమన్న పని నా దగ్గర మిగిలిపోయింది. అప్పటినుంచి ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా ఒకటే అనుమానం. బీరువాలో ఎవరూ వాడని కొత్త గొడుగు కనిపించింది. దీని గురించేనా? ఫ్రిజ్ వెనక కడిగి బోర్లించిన ఖాళీ సీసాలు ఉన్నాయి. వీటి గురించా? ఆమెతో పనిచేసినవాళ్ళని అడిగాను. పక్క కౌంటర్ ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మా దగ్గర ఫ్యాను గురించి విసుక్కుంది మాస్టారూ, అంతే" అంది. ఇంటికి వచ్చాక ఆ ఫ్యాను మాటని కూడా అటూ ఇటూ తిప్పి చూశాను. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దుంగలాగే కనిపిస్తుంది మరి.

ఇప్పుడు ఈ నాణెం. ఆమె వేలిముద్రతో, ఇన్నేళ్ళూ ఆమె తప్ప ఎవరూ తెరవని పెట్టెలో. వెళ్తూ వెళ్తూ గడియారం వైపే కదా చూసింది.

గడియారాన్ని మళ్ళీ గోడకి తగిలించి, కీ ఇచ్చి, నాణేన్ని దూదిలో చుట్టి మాత్రల డబ్బాలో పెట్టాను.

*

మర్నాడు బడి నుంచి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని దాన్ని పరీక్షగా చూశాను. మైనం పైన, అంచు వెంబడి అక్షరాలున్నాయి. అవి నాకు రెండేసిగా కనిపించాయి. ఒక అక్షరం, దానికి ఆనుకుని దాని నీడలాంటి ఇంకో అక్షరం. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాను. అంతే. ఒక కన్ను మూసి చూశాను. అంతే.

"అక్కా, నాకు కళ్ళు చెడిపోయినట్టున్నాయి."

"చెడిపోక ఏం చేస్తాయి? నిద్ర లేదు, తిండి లేదు. వెళ్ళి చూపించుకో. వచ్చేటప్పుడు సబ్బు తే."

మా వీధి చివర కళ్ళద్దాల షాపు ఉంది. ఆయన్ని అందరూ 'భూతద్దం' అంటారు. జేబులో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం ఉంటుంది కాబట్టి. అవసరం ఉన్నా లేకున్నా ప్రతిదాన్నీ దాంతోనే చూస్తాడు కాబట్టి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, గోడ మీది అక్షరాలు చదివించాడు. ఆఖరి వరస దాకా చదివేశాను.

"మీ కళ్ళు నా కళ్ళ కంటే బాగున్నాయి మాస్టారూ. ఎందుకొచ్చారు?"

"ఒకటి రెండుగా కనిపిస్తోంది."

"ఏది?"

మాత్రల డబ్బా తెరిచి చూపించాను. ఆయన చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. నాణేన్ని ముఖాలు తాకకుండా, అంచులతో మాత్రమే పట్టుకుని, దీపం కిందికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. తరవాత తిరగేసి, దెబ్బ తగిలినట్టు కేకేశాడు.

"ఎవరండీ దీన్ని తోమింది?"

"మా అక్క."

"దేంతో?"

"నిమ్మకాయ, ఉప్పు."

"బంగారంలాంటి నాణేన్ని పులుసులో వేసినట్టు వేశారే!" అని కూర్చుండిపోయాడు. "మాస్టారూ, నాణెం మీది నలుపు మురికి కాదు. అది దాని చర్మం. ఏళ్ళ తరబడి గాలి తగిలి వచ్చిన రంగు. రుద్దితే మెరుస్తుంది, నిజమే. కానీ సన్నని గీతలు పడతాయి, పై పొర పోతుంది. పోయింది మళ్ళీ రాదు. ఎంత మురికిగా ఉన్నా రుద్దకూడదు. నానబెట్టాలి, కడగాలి, ఆరనివ్వాలి. అంతే."

"అక్షరాలు రెండుగా ఉన్నది నిజమేనా మరి?"

"నిజమే. మీ కళ్ళకేం కాలేదు, రోగం నాణేనిదే. కాకపోతే ఏ రోగమో తేలాలి."

ఆయన చెప్పింది ఇది. నాణేల్ని కొట్టే ఇనప అచ్చుని తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు, రవ్వంత తేడాగా పడితే, ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నీ జంట అక్షరాలతోనే పుడతాయి. అది పుట్టుమచ్చ. వాటిని సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. అలా కాక, అచ్చు బాగానే ఉండి, కొట్టే క్షణంలో అది వదులై జారితే, అప్పుడు కూడా అక్షరం పక్కన ఇంకో గీత వస్తుంది. అది పుట్టాక తగిలిన దెబ్బ. దానికి విలువ లేదు. పుట్టుమచ్చైతే రెండో అక్షరం కూడా గుండ్రంగా, నిండుగా ఉండి, మూలల దగ్గర చీలినట్టు కనిపిస్తుంది. దెబ్బైతే మెట్టులాగా బల్లపరుపుగా ఉంటుంది.

"ఇది ఏది?"

భూతద్దం మళ్ళీ వంగాడు. "ఈ అక్షరం చూస్తే మచ్చ. ఆ పక్కది చూస్తే దెబ్బ. నన్ను కూడా అయోమయంలో పడేస్తోంది. ఇందులో అసలు రకం ఒక్క సంవత్సరానిదే ఉంది. ఆ సంవత్సరం అంకెల్లో చివరిది స్పష్టంగా చీలి ఉంటుంది. చిటికెలో తేలిపోతుంది. ఈ మైనం తీస్తే."

"తీయకుండా తెలియదా?"

"గుడ్లో పిల్ల మగదో ఆడదో పెంకు పగలకుండా చెప్పమంటే ఎలా? ఇక్కడ ఉంచి వెళ్ళండి, నేను తీస్తా."

నేను డబ్బా మూసేశాను. మైనంలో ఏముందో ఆయనకి చెప్పలేదు. చెప్పటానికి మాటలు దొరక్క కాదు. చెబితే ఆయన భూతద్దంతో దాన్ని కూడా చూస్తాడని.

సబ్బు తేవటం మరిచిపోయాను.

*

"నా వల్ల పాడైందా?" అంది అక్క, అంతా విని. ఆమె ముఖం అలా ముడుచుకుపోవటం చిన్నప్పటి నుంచి ఒకటి రెండు సార్లే చూశాను.

"ఒక పక్కే. రెండో పక్క బాగానే ఉంది."

"నాకేం తెలుసురా నలుపుకి విలువుంటుందని? అమ్మ చెప్పలేదు." కాసేపాగి, "ఇంతకీ మరదలికి తెలుసంటావా, అది అంత విలువైందని?" అని అడిగింది.

నన్ను తొలుస్తున్నదీ అదే. టికెట్ కౌంటర్‌లో ఎన్ని నాణేలు ఆమె వేళ్ళ మధ్య నుంచి పోయుంటాయి? అందులోంచి ఒకదాన్ని ఏరి, గడియారంలో దాచి, ఏదో ఒక రోజు నాకు చెప్పాలనుకుందా? అదే ఆ సాయంత్రపు మాటా? నాణెం అసలైన రకమైతే, అవును అనుకోవచ్చు. కాకపోతే, గొడుగు దగ్గరికి, సీసాల దగ్గరికి, ఫ్యాను దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. తేల్చుకోవాలంటే మైనం తీయాలి. మైనం తీస్తే వేలిముద్ర పోతుంది. ఆమె ఫోటోలున్నాయి, చీరలున్నాయి, చేతిరాత ఉంది. వేలు ఆనించిన చోటు ఇదొక్కటే ఉంది.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి" అంది అక్క, నా ముఖం చూసి. ఆ రోజు నుంచి ఆమే ఆ డబ్బాకి కాపలా అయింది. దుమ్ము దులిపేటప్పుడు దాని చుట్టూ వదిలేసి దులిపేది.

ఇంతలో ఇంకో వింత జరిగింది. నేను బడికి ఆలస్యంగా వెళ్ళాను.

మిగతావాళ్ళకి ఇది వింత కాకపోవచ్చు. మా బళ్ళో పిల్లలు వెనకాల నన్ను 'గంట మాస్టారు' అంటారు. నేను గేటు దాటటం చూసి గంట కొట్టే మనిషి లేచి నిలబడతాడు. అలాంటిది, నేను వెళ్ళేసరికి గంట కొట్టేశారు. పిల్లలు ప్రార్థన ముగించి తరగతులకి పోతున్నారు. నా తరగతి గుమ్మంలో నిలబడి, నేనే ఎవరి అనుమతో అడగాలన్నట్టు ఆగిపోయాను.

గంట ముందే కొట్టారనుకున్నాను. కానీ మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో గడియారం చూసి, ఎప్పుడూ బయలుదేరే వేళకే బయలుదేరుతున్నాను. అదే దారి, అదే నడక. దారి సాగిందా, నా కాళ్ళు తగ్గాయా అర్థం కాలేదు.

ప్రధానోపాధ్యాయురాలు తన గదికి పిలిచారు. కూర్చోమని, కిటికీ రెక్క అనవసరంగా ఒకసారి తెరిచి మూశారు.

"మాస్టారూ, ఏమీ అనుకోవద్దు. కొన్నాళ్ళు సెలవు పెట్టకూడదూ?"

"నేను టైముకే బయలుదేరుతున్నానండి."

"అలాగే. కాదనను" అన్నారు ఆవిడ, పిల్లలు హోంవర్కు ఇంట్లో మరిచిపోయామన్నప్పుడు మాట్లాడే గొంతుతో.

సాయంత్రం ఇంటికి వచ్చి ఫోన్లో టైముతో పోల్చి చూస్తే గడియారమే వెనకబడి ఉంది. సరిచేశాను. రెండు రోజులకి మళ్ళీ వెనకబడింది. ఇన్నేళ్ళుగా సెకను అటూ ఇటూ అవని గడియారం.

"దానికీ దిగులే" అంది అక్క. "ఇత్తడైతే మాత్రం మనసుండదా?"

మనసు సంగతి నాకు తెలియదు. కానీ ఏదో పొసగటం లేదు. కాళ్ళు వాటంతట అవే భూతద్దం షాపుకి తీసుకెళ్ళాయి.

*

"నాణెం తెచ్చారా?" అన్నాడు ఆయన, నేనింకా గుమ్మంలో ఉండగానే.

"తేలేదు. మా గడియారం వెనకబడుతోంది. మీకు మంచి రిపేరు మనిషి ఎవరైనా తెలుసా?"

"ఏ గడియారం? నాణెం దొరికిందన్నారే, అదేనా?" ఆయన చేతిలోని ఫ్రేము బల్ల మీద పెట్టేశాడు. "ఆ నాణెం సరిగ్గా ఎక్కడుంది? పెట్టె అడుగునా?"

"లోలకానికి అంటుకుని ఉంది. వెనక వైపు. గుండు పైభాగంలో, కడ్డీ దిగే చోట."

భూతద్దం నా వైపు చూసి, తల గోక్కుని, నవ్వాడు. ఎగతాళిగా కాదు.

"మాస్టారూ, అది దాచిన నాణెం కాదండి. బరువు. లోలకం గుండు కింద మర ఉంటుంది, దాన్ని తిప్పి వేగం సరిచేస్తారు. మీది చూశారా? తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటప్పుడు గుండుకి పైన కాస్త బరువు పెడితే గడియారం చురుగ్గా నడుస్తుంది. స్టేషన్లలో ఉండే పెద్ద గడియారాలకి కూడా ఇలాగే నాణేలు పెడతారు. మీ ఆవిడ స్టేషన్లోనే కదా పనిచేసింది? ఎవరో పెడుతుండగా చూసుంటారు."

నేను కుర్చీలో కూర్చున్నాను. గోడ మీద కళ్ళ పరీక్ష అక్షరాలు పైన పెద్దవి, కిందికి పోను పోను చిన్నవి. ఈసారి ఆఖరి వరస కనపడలేదు.

"అంటే దాని విలువ సంగతి ఆవిడకి తెలియదా?"

"అది నేనెలా చెప్పను? తెలిసి పెట్టి ఉండొచ్చు. ఎవరూ వెతకని చోటు కదా. తెలియక పెట్టి ఉండొచ్చు. చేతికి దొరికింది కదా అని."

"ఎప్పుడు పెట్టిందో తెలుసుకునే దారి ఉందా?"

"ఉంది. మైనం కింద రాగి ఏ రంగులో ఉందో చూస్తే. ఆ సంవత్సరం ఏదో చూస్తే. మళ్ళీ అక్కడికే వచ్చాం మాస్టారూ."

అప్పుడు చెప్పాను, మైనంలో ఏముందో. ఆయన భూతద్దాన్ని జేబులోంచి తీయలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "గీకొద్దు, వేడి చెయ్యొద్దు" అన్నాడు కాసేపటికి. "చలికి మైనం బిగుసుకుని లోహాన్ని వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ముక్కలు ముక్కలుగా కాకుండా పలకలా లేచి రావచ్చు. వస్తుందని మాటివ్వను. నాణేన్ని, మైనాన్ని రెండిటినీ కాపాడాలంటే ఇదొక్కటే దారి."

*

తరవాతి ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చాడు. చిన్న సంచిలో రెండు సీసాలు, గాజు గిన్నె, మెత్తటి కాగితాలు. అక్క భోజనాల బల్లని తుడిచి, మళ్ళీ తుడిచి, తెల్లటి గుడ్డ పరిచింది. నాణెం ముందు రోజు నుంచే ఫ్రిజ్ పై అరలో, డబ్బాలో ఉంది. దానికి వాసన అంటుతుందని అక్క ఆ అరలోంచి మిగతావన్నీ తీసేసింది. ఆ పూట పెరుగు పులిసిపోయింది.

"అక్కగారూ, మీరు కాస్త దూరంగా కూర్చోండి" అన్నాడు భూతద్దం.

"ఎందుకు బాబూ? నేనేమైనా కరుస్తానా?"

"కరవరు. తోముతారు."

"ఒకసారి తోమితే దొంగముద్ర వేసేస్తారేం?" అంటూనే అక్క చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

భూతద్దం నాణేన్ని గుడ్డ మీద పెట్టి, ఒక సన్నని వెదురు పుల్ల నా చేతికిచ్చాడు. "అంచు దగ్గర ఆనించి, కిందనుంచి పైకి. గుచ్చొద్దు. మీరే చెయ్యండి. నా చేత్తో ఏమైనా అయితే మీ ముఖం చూడలేను."

పుల్ల ఆనించాను. ఏమీ కాలేదు. రవ్వంత ఒత్తాను. కీచుమన్నంత చిన్న చప్పుడుతో మైనం లేచింది. లేస్తూ నడిమికి రెండుగా విరిగింది. విరిగిన గీత ఆమె వేలి మచ్చ గీతకి పక్కగా పోయింది. ఒక ముక్కలో మచ్చ మొత్తం ఉంది.

భూతద్దం వాటి వైపు చూడకుండా నాణేన్ని పక్కకి తీసుకున్నాడు. దాని మీద మసకగా మైనపు పొర ఇంకా మిగిలి ఉంది. గిన్నెలో మొదటి సీసాలోని జైలీన్, మైనాన్ని కరిగించే మందు, పోశాడు. గుప్పుమని ఘాటు వాసన వచ్చింది, కిటికీలు తెరిచాం. నాణేన్ని అందులో ముంచి వదిలేశాడు. రుద్దలేదు, కదపలేదు. మైనం కరిగాక దాన్ని తీసి, రెండో సీసాలోని అసిటోన్‌తో కడిగి, కాగితం మీద ఆరబెట్టాడు. ఒక చుక్క అంచు మీద నిలిచింది. అక్క చెయ్యి తొడ కిందనుంచి బయటికి వచ్చింది.

"అక్కగారూ."

చెయ్యి లోపలికి పోయింది.

ఆరాక చూస్తే, ఆ పక్కంతా గోధుమ రంగు; మైనం ఉన్న మేర మాత్రం ఇప్పుడే అచ్చులోంచి పడ్డట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపులో సంవత్సరం. చివరి అంకె రెండుగా, రెండూ గుండ్రంగా, మూలల దగ్గర చీలి. భూతద్దం అక్కర్లేకుండానే కనిపించింది.

"పుట్టుమచ్చే" అన్నాడు ఆయన. "మాస్టారూ, పుట్టుమచ్చే! ఒక పక్క తోమారు కానీ, ఈ అంకె ఇంత తాజాగా ఉన్నది నేను ఎక్కడా చూడలేదు. మైనమే కాపాడింది."

అక్క లేచి నిలబడింది. "అంటే మరదలికి తెలుసన్నమాట! చూశావా, దాచి ఉంచింది. అదేరా నీకు చెప్పాలనుకుంది!"

నేను సంవత్సరం వైపే చూస్తున్నాను. మేం ఈ ఇంట్లోకి వచ్చిన ఏడు అది. నాకు ఈ బళ్ళో ఉద్యోగం వచ్చిన ఏడు.

"ఈ జంట అంకె సంగతి మొదట ఎప్పుడు బయటపడింది?" అని అడిగాను.

భూతద్దం ముఖంలో సంతోషం కాస్త తగ్గింది. ఆయనకి నా ప్రశ్న అర్థమైంది. "చాలా ఏళ్ళ తరవాత. అప్పుడు ఎవరికీ తెలియదు. ఇది కొత్తగా కౌంటర్‌కి వచ్చినప్పుడే, మెరుస్తుండగానే మైనం పెట్టేశారు. లేకపోతే కింద ఇంత ఎర్రగా ఉండదు."

"తరవాత తెలిసి ఉండొచ్చుగా?" అంది అక్క.

"తెలిస్తే మైనం తీసి అంకె చూసుకునేవారు కదండీ? తీసి మళ్ళీ పెట్టుంటే అంకె చుట్టూ గీతలు పడేవి. కింద రంగు ఇలా ఉండదు. ఇది ఒక్కసారి పెట్టింది. మళ్ళీ ఎవరూ కదపలేదు."

గడియారం తప్పుడు టైము చూపిస్తూ నింపాదిగా కొట్టుకుంటోంది.

"కొత్తలో నీకు రోజూ ఆలస్యమయ్యేదట కదరా" అంది అక్క నెమ్మదిగా. "గడియారం వెనకబడుతోందని నీకు మొదట్లో తెలియదు, బళ్ళో చివాట్లు పెట్టేవారట. మరదలు చెప్పేది. 'తరవాత అదే సర్దుకుంది వదినా' అనేది."

నేనూ అలాగే అనుకున్నాను. గడియారం సర్దుకుందని. నేను సర్దుకున్నానని.

విలువైన నాణెం దొరికినవాడు సంతోషించాలి. వెతుకుతున్న జవాబు చేజారినవాడు బాధపడాలి. నాకు రెండూ సరిగ్గా రాలేదు. ఆమె చెప్పాలనుకున్నది ఇది కాదని తేలింది. చెప్పకుండా ఇన్నేళ్ళు ఊరుకున్నది తెలిసింది. ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పడింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బల్ల మీది గుడ్డ అంచు సరిచేస్తూ కూర్చున్నాను.

భూతద్దం నాణేన్ని నడుమ గాజుకాగితపు కిటికీ ఉన్న అట్టల మధ్య బిగించి ఇచ్చాడు. సంచిలోంచి ఇంకో నాణెం తీశాడు. అదే రకం, వేరే సంవత్సరం, నల్లగా మాడినది. "లోలకానికి ఇది పెట్టండి. బరువు అంతే."

"ఇది తోమొచ్చా?" అంది అక్క.

"మీ ఇష్టం అక్కగారూ. దీనికి మచ్చా లేదు, దెబ్బా లేదు."

అక్క దాన్ని పట్టుకుని వంటింట్లోకి ఎంత వేగంగా వెళ్ళిందో చెప్పలేను. నాణెం అద్దంలా తిరిగి వచ్చింది. లోలకం వెనక, గుండు పైన, పాత మైనం మరక గుండ్రంగా ఉంది. అక్కడే నాణేన్ని పెట్టి, దాని కింది అంచు మీద కొవ్వొత్తి కరిగించి వేసి, బొటనవేలితో అదిమాను. వేడిగా ఉంది. ఆమెకీ కాలి ఉంటుంది. నా వేలి మీద అడ్డగీత లేదు.

విరిగిన మైనపు ముక్కలు రెండిటినీ దూదిలో చుట్టి, గడియారం పెట్టె అడుగున పెట్టాను. అక్క ప్రతి ఆదివారం గడియారం తుడుస్తుంది. ఆ మూల మాత్రం దుమ్ము అలాగే ఉంటుంది.

అసలు నాణెం బీరువాలో ఉంది. నేను షాపు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా భూతద్దం బయటికి వచ్చి, "అమ్మే సంగతి ఏమనుకున్నారు మాస్టారూ?" అంటాడు. ఇంకా ఏమీ అనుకోలేదంటాను. అది నిజమే.

బడికి మళ్ళీ టైముకి వెళ్తున్నాను. నన్ను చూసి గంట కొట్టే మనిషి లేస్తున్నాడు. ప్రధానోపాధ్యాయురాలు సెలవు మాట ఎత్తలేదు.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి, పుస్తకాలు బల్ల మీద పెట్టి, హాల్లో కూర్చున్నాను. గడియారం ఆరు కొట్టింది. ఆమె కౌంటర్ మూసి ఇంటికి వచ్చే వేళ. ఆ రోజు నాకు అప్పజెప్పిన పని గుర్తుకొచ్చింది.

"నాకేదో చెప్పాలన్నావు" అన్నాను, లోలకం వైపు చూసి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నేనా? కొత్తగా ఏం లేదురా" అంది అక్క లోపలి నుంచి. "ఉప్పు అయిపోయిందని పొద్దున్నే చెప్పానుగా."

"అవును" అన్నాను. "తెస్తాను" అని లేచి, సంచి తీసుకున్నాను.